ఊపిరితిత్తుల్లోకి ప్లాస్టిక్ నూగు నిజంగా పోతుందా? మా అన్న జీన్స్ కటింగ్ పని చేస్తాడు

దుర్గం_చెల్లెలు
మా అన్నకు 38 ఏళ్ళు. రాయదుర్గంలో జీన్స్ యూనిట్‌లో పదమూడేళ్ళుగా కటింగ్ పని. టేబుల్ మీద గుడ్డ వరసలు వరసలుగా పరిచి కరెంటు కత్తి మిషన్‌తో ఒకేసారి కోస్తారు. అప్పుడు లేచే నూగు చూస్తే గదిలో మంచు పట్టినట్టు ఉంటుంది. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమ్మలు కూడా నీలమే. పొద్దున ముక్కు చీదితే కర్చీఫ్ మీద నీలం మరక. ఇన్నేళ్ళూ అది మాకు మామూలే అనుకున్నాం. ఇప్పుడు నాలుగు నెలలుగా పొడి దగ్గు పట్టుకుంది, రాత్రి రెండింటికి లేచి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. కఫం పరీక్షలో టీబీ లేదన్నారు, ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. మూడు సిరప్‌లు మారాయి, దగ్గు మారలేదు.

మొన్న ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది, మనుషుల ఊపిరితిత్తుల్లో ప్లాస్టిక్ దొరికిందని. ఇప్పటి సాగే జీన్స్‌లో ప్లాస్టిక్ దారం కలుస్తుందని కూడా చెప్పారు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఇది నిజమేనా? లోపలికి పోయింది మళ్ళీ బయటికి వస్తుందా? మా వీధిలో ఒకాయన ఊపిరితిత్తులు కడిగే పౌడర్ అని 1,800 రూపాయలకు అమ్ముతున్నాడు, కొనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కడప_కారందోశ
పౌడర్ మాత్రం కొనొద్దక్కా. ఆ 1,800 డాక్టరు ఫీజుకు ఉంచుకోండి.

పెన్నొడ్డు
ఫోన్లు వచ్చాక భయాలు ఎక్కువైపోయాయి. మా తాతల నుంచి దుమ్ములోనే బతికాం, ఈ సీమలో దుమ్ము లేని ఊరు ఎక్కడుంది? వారానికి ఒక ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ మన ఒంట్లోకి పోతోందని కూడా చెప్పారు. అదే నిజమైతే ఈపాటికి ఒక్కొక్కరి కడుపులో ఒక బిందె తయారై ఉండాలి.

గాలిగొట్టం
నేను డాక్టర్ని కాదు. కర్నూలులో ఊపిరితిత్తుల విభాగంలో ఊదించే పరీక్ష, అదే స్పైరోమెట్రీ చేసే టెక్నీషియన్ని, తొమ్మిదేళ్ళు అయింది. కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

పెన్నొడ్డు అన్నా, ఏటీఎం కార్డు లెక్క నిజంగానే తప్పు. 2019లో వారానికి 5 గ్రాములు అని ఒక అంచనా వచ్చింది, తర్వాత లెక్కలు వేసినవాళ్ళు అది చాలా చాలా ఎక్కువ చేసి చెప్పినదని తేల్చారు. అయితే ఒక లెక్క తప్పైందని మొత్తం సంగతే అబద్ధం కాదు. ఊపిరితిత్తుల్లో పీచు దొరకడం ఈ మధ్య విషయం కూడా కాదు. 1998లోనే అమెరికాలో బఫెలో నగరంలో 114 ఊపిరితిత్తి ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూశారు. క్యాన్సర్ లేని ముక్కల్లో 83 శాతం వాటిలో, క్యాన్సర్ ఉన్నవాటిలో 97 శాతం వాటిలో పీచు కనిపించింది. పత్తి లాంటి మొక్కల పీచూ ఉంది, ప్లాస్టిక్ పీచూ ఉంది. 2021లో బ్రెజిల్‌లోని సావో పాలోలో చనిపోయిన 20 మంది ఊపిరితిత్తులు పరీక్షిస్తే 13 మందిలో ప్లాస్టిక్ దొరికింది. 2022లో ఇంగ్లండ్‌లో హల్ యార్క్ మెడికల్ స్కూల్ వాళ్ళు బతికున్న మనుషులకు ఆపరేషన్ చేసినప్పుడు తీసిన 13 ముక్కలు చూస్తే 11లో ఉంది. యూరియా బస్తాలు, తాళ్ళు నేసే పాలీప్రొపిలీన్ అందులో ఎక్కువ, దాని తర్వాత పెట్. నీళ్ళ బాటిల్ చేసేదీ పాలిస్టర్ చీర నేసేదీ ఆ పెట్‌తోనే. ఊపిరితిత్తి అడుగు భాగంలో కూడా దొరికింది. అంత కిందికి అంత పెద్దవి పోవనే అప్పటిదాకా అనుకునేవాళ్ళు.

దొరకడం వేరు, దానివల్ల జబ్బు రావడం వేరు. ఆ మాట కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదికలో మనుషులకు ఎంత ముప్పో తేల్చడానికి ఉన్న సమాచారం చాలదనే రాశారు.

పెన్నొడ్డు
నేనన్నదీ అదే కదా. తేలలేదు.

గాలిగొట్టం
తేలలేదంటే లేదని కాదన్నా. మామూలు మనిషి మామూలు గాలిలో పీల్చే కొంచెం గురించి తేలలేదు. రోజంతా ఆ నూగులోనే నిలబడి పని చేసేవాళ్ళ సంగతి ఎప్పుడో తేలింది. నైలాన్ దారాన్ని పొడిగా తరిగి, గుడ్డకు జిగురు పూసి, దాని మీద ఈ పొడి అంటించి వెల్వెట్ లాగా చేస్తారు, సోఫా గుడ్డలకు వాడతారు. అమెరికాలో రోడ్ ఐలాండ్‌లో, కెనడాలో ఆ ఫ్యాక్టరీల్లో పని చేసినవాళ్ళకు పొడి దగ్గు, ఆయాసం వచ్చాయి. ఊపిరితిత్తుల లోపలి కండ వాచి గట్టిపడింది. 1998లో ఆ జబ్బుకు ఫ్లాక్ వర్కర్స్ లంగ్ అని పేరే పెట్టారు. పని మానేసిన కొందరికి తగ్గింది. కాబట్టి దుర్గం చెల్లీ భయపడటంలో తప్పేం లేదు.

ఆదోని_పత్తి
మాది జిన్నింగ్ మిల్లుల ఊరు. ప్లాస్టిక్ మాట నాకు తెలీదు కానీ దూది సంగతి చెప్తా. మా నాయన ముప్పై ఏళ్ళు మిల్లులో చేశాడు. ఆదివారం సెలవు, సోమవారం పనిలోకి పోతే మధ్యాహ్నానికి ఎద మీద ఎవరో కాలు పెట్టి తొక్కినట్టు అనేవాడు. మంగళ, బుధ వారాలకు కొంచెం తగ్గేది. సెలవు మత్తు వదల్లేదురా అని మేం నవ్వేవాళ్ళం. అది జబ్బని, దాని పేరు బిస్సినోసిస్ అని, అప్పటి ఫ్యాక్టరీల చట్టం జబ్బుల జాబితాలో కూడా ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు గేటు దాకా నడిస్తే కూర్చోవాల్సిందే. అక్కా, మీ అన్నకు ఏ రోజు దగ్గు ఎక్కువగా ఉందో చూడండి. అది చాలా ముఖ్యం.

గాలిగొట్టం
ఆదోని అన్న మంచి మాట చెప్పాడు. చెల్లీ, ఈ నాలుగింటికి జవాబు చెప్పు. ఆదివారాలు, ఊరు పోయినప్పుడు దగ్గు తగ్గుతుందా? ఈ పనికి ముందు ఏం చేసేవాడు? బీడీ, సిగరెట్ ఉందా? ఇంట్లో గానీ మిద్దె మీద గానీ పావురాలు ఉన్నాయా? వాటి దుమ్ముతో కూడా దగ్గు వస్తుంది.

నల్లబండ
బేతంచెర్లలో బండల పాలిష్ పని మాది. మేమైతే రోజూ సాయంత్రం ఇంత బెల్లం ముక్క తింటాం. దుమ్ము గొంతులో నిలవకుండా జారిపోతుంది. మా మేస్త్రీ పెట్టిన అలవాటు ఇది. పైసా ఖర్చు లేదు, మీ అన్నకూ పెట్టండి.

కడప_కారందోశ
బెల్లం సైన్సా, నమ్మకమా?

ఎమ్మెస్సీ_కెమిస్ట్రీ
రెండూ కొంచెం కొంచెం. 1994లో లక్నో పరిశోధకులు ఎలుకలకు బొగ్గు, సిలికా దుమ్ము పట్టించి, కొన్నింటికి బెల్లం పెట్టి చూశారు. బెల్లం తిన్న ఎలుకల్లో దుమ్ము ఊపిరితిత్తుల్లోంచి త్వరగా కదిలిందని రాశారు. కానీ అన్నా, కదిలింది ఎక్కడికి? పక్కనే ఉన్న లింఫ్ గ్రంథుల్లోకి. బయటికి కాదు. పైగా అవి ఎలుకలు, ప్లాస్టిక్ మీద చేసిందీ కాదు. బెల్లం తినండి, మంచిదే. బెల్లం ఉంది కదా అని మాస్కు తీసేస్తే మాత్రం మోసపోతాం. నీళ్ళు చల్లుతూ పాలిష్ చేయడం వెయ్యి బెల్లం దిమ్మెలతో సమానం.

నల్లబండ
నీళ్ళ మిషన్ పెద్ద యూనిట్లలో ఉందప్పా. చిన్నవాళ్ళకు నీళ్ళే దొరకవు ఎండాకాలం. అయినా మీ మాట మేస్త్రీకి చెప్తా.

దుర్గం_చెల్లెలు
గాలిగొట్టం అన్నా, ఇవాళ పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఆదివారం సాయంత్రానికి దగ్గు తగ్గుతుంది. ఉగాదికి మా వదిన వాళ్ళ ఊరు కళ్యాణదుర్గం దగ్గర ఐదు రోజులు ఉన్నాడు, మూడో రోజు నుంచి రాత్రి పడుకున్నాడని వదిన చెప్పింది. మేం ఎవరం ఇది గమనించలేదు. బీడీ లేదు, పెళ్ళికి ముందు సిగరెట్ ఉండేది, మానేశాడు. పావురాలు లేవు. ఈ పనికి ముందు వేరే రాష్ట్రంలో ఒక వాషింగ్ యూనిట్‌లో మూడేళ్ళు చేశాడట. అక్కడ కొత్త ప్యాంటు పాతదాని లాగా తెల్లబడాలని తొడల మీద ఇసుక కొట్టేవాళ్ళట గాలి గొట్టంతో. ముఖానికి టవల్ చుట్టుకుని చేసేవాడు. మాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఎమ్మెస్సీ_కెమిస్ట్రీ
అమ్మా, ఆ ఇసుక మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ప్లాస్టిక్ కంటే ముందు ఆ మాట చెప్పాలి. ఇసుకలో సిలికా ఉంటుంది. జీన్స్‌కు ఇసుక కొట్టే పనిలో టర్కీలో చిన్న వయసు కుర్రాళ్ళు చాలామంది సిలికోసిస్‌తో, అంటే ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతో పోయారు, 2009లో అక్కడ ఆ పనినే నిషేధించారు. అది పనిలో ఉన్నప్పుడు బయటపడకుండా మానేసిన ఏళ్ళ తర్వాత కూడా తేలే జబ్బు. మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనపడకపోవచ్చు, హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో కనపడుతుంది. ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. సెలవు రోజుల్లో తగ్గుతోందంటే నా మనసుకు ఇది వేరేది అనిపిస్తోంది, కానీ చూపించుకోవాలి.

గాలిగొట్టం
నేనూ అదే అనబోతున్నా. ఇక్కడ మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఏం పని చేస్తావయ్యా అంటే కూలి అంటారు, అంతే. ఏ కూలి, దేంట్లో, ఎన్నేళ్ళు అని గుచ్చి గుచ్చి అడగాలి. డాక్టరు దగ్గర వెనక వంద మంది లైన్లో ఉంటారు, ఆయన అడగడు. మనమే ఒక కాగితం మీద రాసి పట్టుకుపోవాలి. చెల్లీ, మీ అన్న చేసిన పనులన్నీ ఏళ్ళతో సహా రాసిపెట్టు.

కుట్టుమిషన్
నేను గుంతకల్లులో ఇంట్లోనే నైటీలు కుడతాను, అన్నీ సింథటిక్ గుడ్డలే. ఈ చర్చ చదివి మిషన్ కింద చూస్తే నూగు దూదిలాగా పేరుకుని ఉంది. పొద్దున కిటికీలోంచి ఎండ పడేటప్పుడు మెరుస్తూ ఎగిరేవి ఇవేనా? అంత పొడుగు దారం ముక్క ఊపిరితిత్తుల్లోకి ఎలా పోతుంది? ముక్కులోనే ఆగిపోదా?

ఎమ్మెస్సీ_కెమిస్ట్రీ
మంచి ప్రశ్న. మీరు ఎండలో చూసేవి చాలావరకు పెద్దవి, ముక్కులో ఆగేవే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకోండి. 10 మైక్రాన్ల కంటే పెద్దవి ఎక్కువగా ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. మీ అన్న కర్చీఫ్ మీది నీలం మరక అదే చెల్లీ, ముక్కు తన పని చేసినట్టు. అక్కడ తప్పించుకున్నవి గాలి గొట్టాల గోడల మీది జిగురుకు అంటుకుంటాయి. ఆ గోడలకు సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, సిలియా అంటారు. గాలికి వరి చేను ఊగినట్టు అవి ఊగుతూ జిగురును పైకి తోస్తూనే ఉంటాయి, అది గొంతులోకి వస్తే మనకు తెలియకుండానే మింగేస్తాం. పొగ తాగేవాళ్ళలో దెబ్బతినేవి ముందు ఇవే.

ఇక 2.5 మైక్రాన్ల కంటే చిన్నవి చిట్టచివరి గాలి గదుల దాకా పోతాయి. అక్కడ సిలియా ఉండవు. అక్కడ కాపలా మాక్రోఫేజ్ అనే కణాలది, వచ్చినదాన్ని మింగి తీసేస్తాయి. పీచుతో చిక్కు ఇక్కడే వస్తుంది. పీచు పొడుగ్గా ఉన్నా సన్నగా ఉంటే గాలి వాలుకు తిరిగి సూదిలాగా లోపలికి దూరిపోగలదు, అంటే గాలికి దాని మందమే అడ్డం, పొడుగు కాదు. లోపలికి పోయాక పొడుగే అడ్డం అవుతుంది. కోడి పొడుగాటి దారం మింగబోతే సగం గొంతులో, సగం బయట వేలాడుతుంది చూడండి, ఆ కణం గతీ అంతే. మింగలేదు, వదల్లేదు. ఆ తంటాలో దాని లోపలి రసాయనాలు బయటికి కారతాయి, చుట్టూ ఉన్న కండ వాస్తుంది. ఆస్బెస్టాస్ రేకుల పీచుతో జరిగేది ఇదేనని ఎప్పుడో తెలుసు. ప్లాస్టిక్ పీచు ఆస్బెస్టాస్ అంత ప్రమాదం అని నేను అనడం లేదు. ఒంట్లో త్వరగా కరగకుండా ఉండిపోవడంలో మాత్రం రెండింటికీ పోలిక ఉంది.

కుట్టుమిషన్
అర్థమైంది. ఇంకొకటి, బయట రోడ్డు మీద ఎక్కువా, ఇంట్లో ఎక్కువా?

ఎమ్మెస్సీ_కెమిస్ట్రీ
పీచు ఇంట్లోనే ఎక్కువ. పారిస్‌లో కొలిచారు, ఇళ్ళలో, ఆఫీసుల్లో ఘనపు మీటరు గాలికి 1 నుంచి 60 దాకా, బయట 0.3 నుంచి 1.5. అందులో ప్లాస్టిక్ పీచు మూడో వంతు, మిగతాది పత్తి, ఉన్ని లాంటివి. దుప్పట్లు, కర్టెన్లు, తివాచీలు, మనం వేసుకునే గుడ్డలు, అన్నీ రాలుస్తూనే ఉంటాయి. బయట అయితే టైర్ల అరుగుదల, అది వేరే కథ. 44వ నంబరు హైవే పక్కన ఇళ్ళవాళ్ళు మెట్ల మీద నల్లటి పొడి తుడుస్తారు కదా, అందులో లారీ పొగ మసితో పాటు టైరు పొడి కూడా ఉంటుంది. టైర్లలో సింథటిక్ రబ్బరు కూడా ఉంటుంది.

చీనితోట
ఇక్కడ రైతులు ఎవరైనా ఉన్నారా? మాది అనంతపురం దగ్గర, చీనితో పాటు కర్బూజ, టమాటా. నేల మీద మల్చింగ్ షీటు పరుస్తాం, 25, 30 మైక్రాన్లది. ఒక పంటకే ఎండకు పెళుసెక్కి చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. ఏరి తీయాలంటే కూలి గిట్టదు, అందుకని కొందరు రోటవేటర్ తిప్పేస్తారు, ముక్కలు ముక్కలై మట్టిలో కలుస్తుంది. మిగిలింది గట్టు మీద కుప్పేసి కాల్చేస్తాం. నిరుడు కాల్చేటప్పుడు గాలి తిరిగి పొగ నా ముఖానికే కొట్టింది, రెండు రోజులు గొంతు మంట, ఎద బరువు. అది కూడా ఈ లెక్కలోకే వస్తుందా?

ఎమ్మెస్సీ_కెమిస్ట్రీ
అది ఇంకా చెడ్డది అన్నా. నూగు పీల్చడం ఒకటి, పొగ పీల్చడం ఒకటి. షీటు, డ్రిప్ పైపు పాలిథీన్, కాలితే నల్లటి మసి, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ కారకాలైన కొన్ని రసాయనాలు వస్తాయి. తెల్ల పీవీసీ పైపు ముక్క ఒక్కటి కుప్పలో పడిందంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి, డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. గొంతు మండింది అందుకే కావచ్చు. కాల్చొద్దు. పాత సామాన్ల వాళ్ళు మట్టి షీటు తీసుకోరు, తెలుసు. దులిపి, ఎండబెట్టి, చుట్ట చుడితే కొందరు తీసుకుంటున్నారు.

చీనితోట
దులిపేటప్పుడు కూడా పెళుసు ముక్కలు ఎగురుతాయి కదా. కొంచెం తడిపి చుడతాం ఇకపైన. పెళుసెక్కకముందే, కాపు అయిపోగానే తీసేస్తే చిరగకుండా చుట్టలాగా వస్తుంది, అది నా అనుభవం. ఆలస్యం చేసినకొద్దీ కూలి ఎక్కువ పడుతుంది.

పొద్దుటూరు_మిక్చర్
మాది మిక్చర్, కారాల ప్యాకింగ్. ఇద్దరు ఆడవాళ్ళు సీలింగ్ మిషన్ మీద ఉంటారు, కవర్ అంటించేటప్పుడు ఒక వాసన వస్తుంది. అందులో ఒకామెకు ఆయాసం ఉంది. శనగపిండి దుమ్ము అనుకున్నాం. కవర్ వాసన వల్ల కూడా రావచ్చా?

గాలిగొట్టం
రావచ్చు. 1973లో అమెరికాలో మాంసం దుకాణాల్లో పీవీసీ షీటును వేడి తీగతో కోసి ప్యాక్ చేసేవాళ్ళకు ఆయాసం వచ్చింది, మీట్ రాపర్స్ ఆస్తమా అని డాక్టర్లు రాశారు. మీ కవర్లు పీవీసీ కాకపోవచ్చు, మిక్చర్ కవర్లు ఎక్కువగా పాలీప్రొపిలీనో పాలిథీనో ఉంటాయి. అయినా పొగ వచ్చేంత వేడి పెట్టకూడదు. అంటుకునేంత వేడి చాలు. పొగ వస్తోందంటే డయల్ తగ్గించండి, మిషన్ పక్కన ఫ్యాన్ గాలి బయటికి పోయేట్టు పెట్టండి. పిండి దుమ్ము కూడా తక్కువేం కాదు, బేకరీల్లో పిండితో ఆస్తమా వస్తుంది. ఆమెను ఒకసారి పరీక్షకు పంపండి, ఊరికే వదలొద్దు.

పెన్నొడ్డు
సరే, నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. మాస్కు పెట్టుకుంటే అందులోదీ ప్లాస్టిక్కే కదా, దాంట్లోంచి నూగు రాదా? ఇది మాత్రం చెప్పండి.

గాలిగొట్టం
వస్తుందన్నా, మాస్కు గుడ్డ కూడా పాలీప్రొపిలీనే. కానీ నూగు గదిలో నిలబడేవాడికి మాస్కు రాల్చేదాని కంటే ఆపేదే ఎక్కువ. టవల్ చుట్టుకుంటే పెద్దవి ఆగుతాయి, సన్నవి ఆగవు. ఎన్‌95 ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి పోతుంది. మాసినదాన్ని ఉతికి వాడకూడదు.

ఆదోని_పత్తి
మే నెలలో మా ఎండకు రేకుల షెడ్డులో ఎన్‌95 పెట్టుకుని పది నిమిషాలు ఉండు, నీకే తెలుస్తుంది. కూలోళ్ళకు మాస్కు ఇచ్చి చేతులు దులుపుకునే పద్ధతి నాకు నచ్చదు. దుమ్ము లేచే చోటే లాగేయాలి. మా నాయన మిల్లులో పీల్చే గొట్టాలు పెట్టడానికి డబ్బులు లేవన్నారు, అదే ఏడు ఓనరు కొత్త గోడౌన్ కట్టాడు.

గాలిగొట్టం
నీ మాటే నిజం. మాస్కు చివర్లో రావాల్సింది. ముందు నూగు లేవకూడదు, లేచింది అక్కడే లాగేయాలి. పైకప్పుకు పెట్టిన ఎగ్జాస్టు ఫ్యాను కింది నూగును మనిషి ముక్కు ముందు నుంచే పైకి లాగుతుంది, అది టేబుల్ ఎత్తులో పక్కకు లాగాలి. ఇంకొకటి, పని అయ్యాక కంప్రెసర్ గాలితో గుడ్డల మీది, ఒంటి మీది నూగు ఊదుకుంటారు చూడండి, అంతకంటే చెడ్డ పని లేదు. కింద పడినదాన్ని మళ్ళీ గాలిలోకి లేపడమే. వాక్యూమ్‌తో లాగాలి, లేదా తడి గుడ్డతో తుడవాలి. కుట్టుమిషన్ అమ్మా, మీకూ ఇదే, పొరకతో ఊడ్చకండి, తడి గుడ్డ పెట్టండి.

కుట్టుమిషన్
మా ఇంట్లోది ప్లాస్టిక్ పొరక. అదే అరిగి సగమైంది. ఆ అరిగింది ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. ఈ రోజే ఈత పొరక తెప్పిస్తా.

దుర్గం_చెల్లెలు
కంప్రెసర్ గాలి! మా అన్న రోజూ ఇంటికి బయలుదేరే ముందు అదే చేస్తాడు, శుభ్రంగా రావాలని. నేనే చెప్పాను వాడికి, నీలం రంగుతో ఇంటికి రావొద్దు, పాప ఎత్తుకోమంటుందని.

గాలిగొట్టం
నీ తప్పు కాదమ్మా. ఒక గుడ్డల జత అక్కడే పెట్టుకుని మార్చుకుని రమ్మను. స్నానం చేశాక పాపను ఎత్తుకోవచ్చు. ముందు ఛాతీ డాక్టరుకు చూపించండి. స్పైరోమెట్రీ అడగండి, ఇన్‌హేలర్ ఇచ్చి పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ ఊదిస్తారు, తేడా చూడటానికి. పరీక్ష ముందు రోజు ఏ మందు ఆపాలో వాళ్ళనే అడగండి. మందుల షాపులో పీక్ ఫ్లో మీటర్ అని ఒక ప్లాస్టిక్ గొట్టం దొరుకుతుంది, నిలబడి గుండె నిండా గాలి పీల్చి ఒక్కసారి గట్టిగా ఊదాలి, మూడుసార్లు ఊది పెద్ద నంబరు రాసుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. పని రోజులు, సెలవు రోజులు రెండూ రాయాలి. డాక్టరుకు ఆ కాగితం వంద మాటల పెట్టు.

యూనిట్‌లో పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి నెల జీతం 21,000 లోపు అయితే ఈఎస్‌ఐ, అదే కార్మికుల ఆరోగ్య బీమా, రావాలి, అదీ కనుక్కో.

దుర్గం_చెల్లెలు
ముక్కకు ఇంత అని పీసు లెక్కన ఇస్తారన్నా, ఈఎస్‌ఐ మాట ఎత్తితే రేపటి నుంచి రావొద్దంటారు. అయినా అడుగుతాం. చూపించుకుని వచ్చి రాస్తా.

కడప_కారందోశ
ఈ చర్చను పైన పెట్టండి ఎవరైనా. మా బావమరిది ప్లాస్టిక్ కుర్చీలు గ్రైండింగ్ చేసే చోట ఉన్నాడు, వాడికి పంపాను. మిషన్ మూత తీసి పెడతారట వేడెక్కుతోందని. పొడి అంతా ముఖానికే.

నల్లబండ
మేస్త్రీకి చెప్పా. డ్రమ్ములో నీళ్ళు పెట్టి గొట్టంతో చుక్కలు చుక్కలుగా బండ మీద పడేట్టు కట్టాం. బురద అవుతోంది గానీ దుమ్ము సగం పైన తగ్గింది. బెల్లం మానలేదు.

దుర్గం_చెల్లెలు
నెల దాటింది. అందరికీ చెప్పాలి కదా అని రాస్తున్నా. అనంతపురంలో ఛాతీ డాక్టరుకు చూపించాం. కాగితం మీద అన్నీ రాసుకుని పోయాం, ఇసుక పనితో సహా. ఆయన మొదట ఆ కాగితమే చదివారు. హెచ్‌ఆర్‌సీటీ తీయించారు, సిలికోసిస్ ఆనవాళ్ళు లేవు, ఏడాదికోసారి మాత్రం చూపించుకోమన్నారు. ఊదించే పరీక్షలో గొట్టాలు బిగుసుకుపోయాయని, ఇన్‌హేలర్ తర్వాత బాగా తెరుచుకున్నాయని చెప్పారు. పని దుమ్ము వల్ల వచ్చిన ఆస్తమా అన్నారు.

పీక్ ఫ్లో కాగితం నేనే రాశాను రోజూ. ఆదివారం సాయంత్రం 420. సోమవారం 390. బుధవారం 330. శనివారం రాత్రి 310. మళ్ళీ ఆదివారం పొద్దున 350, సాయంత్రానికి 410. డాక్టరు ఆ నంబర్ల మీద పెన్నుతో గీత గీస్తే చీర అంచు మీద కొండల డిజైన్ లాగా వచ్చింది. మా అన్న అది చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ప్లాస్టిక్ దారం వల్లనా, పత్తి వల్లనా, రంగు వల్లనా అని అడిగాను. మూడూ కలిసే లోపలికి పోతున్నాయి, విడదీసి చెప్పలేం, మందు మూడింటికీ ఒకటే, దూరంగా ఉండటం అన్నారు. లోపలికి పోయినదాన్ని కడిగే మందు ఏదీ లేదని కూడా చెప్పారు. పౌడర్ ఆయనకు ఆ మాట చెప్పాను, ఇప్పుడు మా వీధిలోకి రావడం లేదు.

ఓనరు మొదట ఒప్పుకోలేదు, పదమూడేళ్ళుగా లేని దగ్గు ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందన్నాడు. మిగతా కటింగ్ వాళ్ళు ఐదుగురు కూడా వచ్చి మాకూ ఉందన్నారు, ఇద్దరికి నిజంగానే ఉంది. టేబుల్ పక్కన రెండు ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టారు, కంప్రెసర్ గాలి ఒంటి మీద కొట్టుకోవడం ఆపారు. అన్నను రెండు నెలలు చెకింగ్, ప్యాకింగ్ వైపు వేశారు, అక్కడ డబ్బులు తక్కువ. ఈఎస్‌ఐ సంగతి ఇంకా తేలలేదు.

ఆదోని_పత్తి
ఐదుగురు వచ్చారు చూడు, అదే మంచి పని. మా నాయన ఒక్కడే అడిగాడు ఆ రోజుల్లో.

పెన్నొడ్డు
మా ఆవిడకు రెండేళ్ళుగా దగ్గు. పొయ్యి మీద వంట, అందులో మంట అందుకోవడానికి పాల కవర్లు వేస్తుంది, నేనే తెచ్చి ఇస్తాను. ఇప్పుడు మానిపించా. గాలిగొట్టం తమ్ముడూ, కర్నూలులో ఏ రోజు రమ్మంటావు పరీక్షకు?

గాలిగొట్టం
వదినను సోమవారం తప్ప ఏ రోజైనా తీసుకురా అన్నా, పొద్దున తొమ్మిదికల్లా. సోమవారం రద్దీ. పొయ్యి, పాల కవర్ల సంగతి కాగితం మీద రాసుకుని రా.

దుర్గం_చెల్లెలు
ఇంకొక మాట చెప్పడం మరిచిపోయా. నిన్న రాత్రి రెండింటికి నాకే మెలకువ వచ్చింది. నాలుగు నెలల అలవాటు. దగ్గు వినపడలేదు, ఏమైందోనని లేచి పోయి తలుపు దగ్గర నిలబడి చూశాను. పాప పక్కన పడుకుని ఉన్నాడు, గురక పెడుతున్నాడు.

గాలిగొట్టం
ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మేయమని చెప్పు తల్లీ, లేకపోతే నాలుక మీద తెల్లగా పూస్తుంది. బాగుందని మధ్యలో ఆపొద్దు.